నీళ్లు పోస్తే పలికే ఫోను

అక్కకు,

నీ తమ్ముడు మునిరత్నం దండాలు పెట్టి రాస్తున్నాను. నీ మోకాలినొప్పి తగ్గిందా? బావకు దగ్గు ఎలా ఉంది? ఇక్కడ నేను, కుప్పమ్మ బాగున్నాం. నిజంగానే బాగున్నాం. ఎండలు మాత్రం మండిపోతున్నాయి.

ఏనుగులు తిరిగే చోట ఆడమనిషిని ఒంటరిగా ఉంచడమేమిటి, కాపలా మానేసి సత్యవేడుకు వచ్చేయండి అని కబురు పంపావు. దానికే ఈ జవాబు.

మామిడితోపు పైకొసన మంచె మీద నేనుంటాను. కిందికొసన మోటారు గదిలో కుప్పమ్మ. కొండ అడ్డం, సెల్‌ఫోను పలకదు. తోట ఆసామి గోవిందప్ప మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. పిడి తిప్పే పాత ఫోన్లు రెండు తెచ్చి పెట్టాడు. పిడి తిప్పితే ఆ పెట్టెలోనే కరెంటు పుట్టి అవతల గంట మోగుతుంది. మాటకు మాత్రం బ్యాటరీలు కావాలి. మధ్యన తీగ ఒక్కటే. కరెంటు తిరిగొచ్చే దారి నేలే. అందుకే రెండు కొసలా ఇనుప కడ్డీ పాతాడు.

ఫోనులో నాకు మాట పెగలదు, నీకు తెలుసు కదా. కుప్పమ్మే అరిచేది: "ఏమయ్యా, ఉండావా లేదా? ఉండానని ఒక మాట చెప్తే గొంతు అరిగిపోతాదా?"

పోయిన వారం సాయంత్రం మంచె మీంచి చూస్తే ఏనుగులు మోటారు గది వైపే దిగుతున్నాయి. కుప్పమ్మ గది ముందు నీళ్ల తొట్టి దగ్గర వంచిన తల ఎత్తకుండా గుడ్డలు ఉతుకుతోంది. నా కాళ్లతో పరిగెత్తితే అందను. పిడి తిప్పాను. చేతికి బరువే తగల్లేదు, వట్టిగా తిరిగింది. గంట మోగితే కదా ఆమె లేచేది. కిందికి దిగి చూశాను, తీగ కడ్డీకి బిగిసే ఉంది. అప్పుడు గోవిందప్ప మాట గుర్తొచ్చింది: "పిడి తేలిగ్గా తిరిగిందంటే కరెంటు అవతలికి పారలేదని అర్థమబ్బా. నేల ఎండిపోయింటాది, సూడు."

కడ్డీ చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉంది. తాగేనీళ్ల కుండ ఎత్తి మొత్తం అక్కడే పోశాను. మంచెక్కి మళ్లీ తిప్పితే చేతికి బరువు తగిలింది.

"ఈపొద్దు నువ్వే పిలిసినావే!" అంది కుప్పమ్మ, గంట విని ఫోనెత్తి.

"ఏనుగులు. మిద్దెక్కు."

"గుడ్డలు?"

"ఇడిసిపెట్టు!"

ఎక్కేసింది. అవి తొట్టిలో నీళ్లు తాగి, నా పంచె ఒకటి తొక్కి, వచ్చిన దారినే పోయాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కడ్డీకి చెంబెడు నీళ్లు పోస్తాను. "తులసమ్మకు పొయ్యమంటే నడుంనొప్పి" అని కుప్పమ్మ ఎత్తిపొడుపు. పొద్దుగూకేవేళ నేను పిడి తిప్పుతాను, ఆమె తిరిగి తిప్పుతుంది. మాటలేం ఉండవు. గంట వింటే చాలు.

అందుకని మేం రాము అక్కా. కోపగించుకోకు. ఇటు ఎవరైనా వస్తుంటే నిమ్మకాయ ఊరగాయ, ఒక పంచె పంపించు. బావకు నా నమస్కారాలు. పెద్దదానివి, మా ఇద్దరినీ దీవించు.

ఉండాను, అక్కా.

మునిరత్నం