బహ్లాలో సంధికి జామీను పడిన మేస్త్రిని విడిపించుట గురించి

బహ్లా ఆవల, కంపెనీ క్యాంపు,
మార్చి, 1976.

మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయంలో మనవారి కష్టసుఖాలు విచారించు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అరబ్బుల రాజీకి మాట అర్థంగాక జామీనుగా నిలిచిన గోడమేస్త్రి ఇస్తారిని సదరు బాధ్యత నుండి తప్పించి, ఉగాది లోపల స్వదేశం చేర్చుట గురించి.

కరీంనగరం జిల్లా, జగిత్యాల తాలూకా వాస్తవ్యుడను, ప్రస్తుతము ఒమాన్ దేశమున తాపీ పని చేయుచున్నవాడను అయిన ఇస్తారి మిక్కిలి వినయముతో మనవి చేసుకొనునది. తమరు తెలుగువారని మా డ్రైవరు ఇనాయత్ చెప్పగా ధైర్యం చేసి తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషు తెలిసినవాడితో రాయించవచ్చును గాని, ముందు వాడికి ఈ సంగతి అర్థం కావాలి. అది నాకే ఇంకా సరిగా అర్థం కాలేదు. ఇటు రాక ముందు జగిత్యాల కచేరీ అరుగు మీద అర్జీలు రాసే ఒక పెద్దాయన దగ్గర కొంతకాలం కూర్చున్నాను గనుక పద్ధతి ఎరుగుదును. మొదట వినయం, నడుమ నిజం, చివర ఏడుపు ఉండాలనేవాడు ఆయన. అలసిపోయి ఉన్నాను, అవి అటూ ఇటూ అయితే మన్నించవలెను.

1. ఈ ఊళ్ళో సర్కారు వారి కొత్త కట్టడానికి మా కంపెనీ ప్రహరీ కడుతున్నది. కాయితం మీది గీత ప్రకారం నేను గోడ లేపుతూ పోగా, అది నేరుగా ఫలజ్ మీదికి వచ్చింది. ఫలజ్ అనగా కొండ కింది నుంచి ఖర్జూరపు తోటలకు నీళ్ళు తెచ్చే కాలువ. ఈ ఊరికి అదే ప్రాణం. గీత గీసినవాడు ఈ నీళ్ళు ఏనాడూ చూడలేదు. వెంటనే ఊరివాళ్ళు తుపాకులు భుజాన వేసుకొని వచ్చి నా బ్లాకుల మీద కూర్చున్నారు. వారి తెగ పెద్ద పేరు ఖల్ఫాన్, గడ్డం నెరిసిన ముసలివాడు. సర్కారు తరఫున పని చూసే ముహన్నా అనే ఆయన జీపు దిగి, గోడ ఆగదన్నాడు. నీళ్ళు ఆగవని ఖల్ఫాన్ అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇద్దరూ నా మొహం చూసే అరుస్తారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నేను తాపీ పట్టుకొని నడుమ నిలబడ్డాను.

ఎండకు తాళలేక చెప్పాను గాని తెలివితో కాదు. గోడ కింద తూము పెడితే సరిపోతుంది కదా అన్నాను, ఇసుకలో గీసి చూపించాను, ఇనాయత్ దాన్ని అరబ్బీలోకి మార్చాడు. గోడ పైన పోతుంది, నీళ్ళు కింద పోతాయి. ఇద్దరూ చాలాసేపు ఆ గీతనే చూసి సరేనన్నారు. అప్పుడే నోరు మూసుకొని నా రూముకు పోయి పడుకుంటే ఈ అర్జీ ఉండేది కాదు.

2. ఆ సమయాన ఇనాయత్ బండి ఇంజన్లో నీళ్ళు పోయడానికి పోయాడు. ఖల్ఫాన్ నా వైపు తిరిగి, "కఫీల్? ఇంత కఫీల్?" అని అడిగాడు. అయ్యా, ఇక్కడ పని చేసే మనవాళ్ళకు కఫీల్ అంటే ఒకటే అర్థం. మనను రప్పించుకున్న యజమాని, మన కాయితాలు దాచుకొనేవాడు. ఎవరు ఎక్కడ "కఫీల్?" అని అడిగినా ఉన్నాడని చెప్పాలి, లేకుంటే దొంగచాటుగా వచ్చినవాడి కింద జమ కడతారు. నాకా భయం ఎముకల్లో ఉంది. అందుచేత గుండె మీద చెయ్యి వేసుకొని, "ఐవా, ఐవా! కఫీల్ మౌజూద్!" అన్నాను. అవును, కఫీల్ ఉన్నాడు అని. అంతే, అందరూ లేచి నిలబడ్డారు. ఖల్ఫాన్ నా చెయ్యి పట్టుకున్నాడు, ముహన్నా రెండో చెయ్యి పట్టుకున్నాడు. నా కంపెనీకి ఇంత మర్యాద ఉందా అని నేను మురిసిపోయాను.

ఇనాయత్ తిరిగి వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"అరె ఇస్తారి, క్యా బోల్ దియా మియా! వాళ్ళు అడిగింది నీ మాలిక్ గురించి కాదు. వాళ్ళ మాటల కఫీల్ అంటే జామీను, ఇంత అంటే నువ్వు. ఈ రాజీకి జామీను ఎవలు, నువ్వా, అని అడిగిన్రు. జామీను ఈడనే ఉన్నడని ఛాతి మీద చెయ్యేసుకున్నవ్!"

"అయితే కాదని చెప్పు ఇనాయత్ భాయ్."

"నక్కో! ఇప్పుడు కాదంటే ఇద్దర్నీ బేఇజ్జత్ చేసినట్టు. ఆ భుజాల మీదున్నయి చూసినవా?"

చూశాను. ఆ దినం నుండి నేను ఒక తెగకూ ఒక సర్కారుకూ జామీనుగా ఉన్నాను.

3. ఇద్దరినీ బతిమాలాను. అప్పుడు ఖల్ఫాన్ నన్ను ఎందుకు వదలడో చెప్పాడు. తమరు చదువుకున్నవారు, తెలిసే ఉంటుంది. ఆయన వయసులో ఉండగా సముద్రపు ఒడ్డున సుల్తానూ, ఈ లోపలి కొండల్లో తెగలూ ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారట. ఒక ఇంగ్లీషు సాహెబు నడుమ నిలబడి, సీబ్ అనే ఊళ్ళో రాజీ కుదిర్చాడట. లోపలివాళ్ళు ఒడ్డుకు వస్తే వేధించరాదనీ, వాళ్ళ సరుకు మీద ఎక్కువ పన్ను వేయరాదనీ, వాళ్ళు ఒడ్డు మీదికి దండెత్తరాదనీ షరతులట. ఒక తరం పాటు అది నిలిచిందట, తర్వాత తెగిందట. ఇవన్నీ ఆయన మాటలే, నిజానిజాలు నాకు తెలియవు.

ఇనాయత్ తర్జుమా చేసిన ఆయన మాట ఇది: "ఆ సాహెబు హింద్ సర్కారు పంపిన మనిషి. మా మాట వాళ్ళకు, వాళ్ళ మాట మాకు మోసిండు. ఆయన్ను నడుమ పెట్టుకొని మేం మాటిచ్చినం. సంధి తెగిననాడు చూస్తే నడుమ మనిషే లేడు, ఆ సాహెబులంత ఓడెక్కి పోయిన్రు. నువ్వు గూడ హింద్ మనిషివే. నిన్ను పోనియ్య."

ఎంత అన్యాయం చూడండి! ఆ సాహెబు మావాడు కాడు, మమ్మల్ని కూడా ఏలినవాడే, చివరకు మావాళ్ళే సాగనంపారు అని చెప్పించాను. పైగా మాది నైజాం రాజ్యం, ఆ సాహెబు మా దొర మీద దొర అని కూడా చెప్పించాను. ఖల్ఫాన్ తల ఊపి, "మంచి పని చేసిన్రు. మరి ఆయన ఇచ్చిన మాట ఎవల దగ్గర పెట్టి పోయిండు?" అని అడిగాడు. ఆ మాట తమరి కార్యాలయంలో ఎక్కడైనా ఉన్నదేమో వెతికించగలరు.

ముహన్నాకు ఈ పాత ముచ్చట నచ్చదు. ఇప్పుడు దేశమంతా ఒక్కటే, అవి ఎత్తవద్దు అంటాడు. కాని నన్ను పంపే విషయంలో ఆయనదీ అదే మాట. నేను పోయిన మరునాడే, మాట తప్పింది సర్కారేనని ముసలాయన అంటాడని ఈయన భయం. లోకంలో వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం ఉన్నది నా ఒక్కడి మీదే.

4. జామీను అనగా ఊరికే కూర్చోవడం కాదు. తూముకు ఆకులు అడ్డం పడితే నాకు కబురు. మేక గోడ దూకితే నాకు కబురు. ఖల్ఫాన్ ఇంటి హల్వా తింటే ముహన్నా మొహం ముడుచుకుంటాడు, ముహన్నా పెట్టిన మాంసం తింటే ఖల్ఫాన్ ఆ రోజు పలకడు. అందుచేత రెండు చోట్లా తింటున్నాను, కడుపు పాడైంది. నా తోటి మేస్త్రీలందరూ సహం అనే ఊరి సైటుకు పోయారు. లీవు మంజూరైంది, కాయితాలు చేతికి వచ్చాయి, కంపెనీకి నాతో పేచీ లేదు. కాని నేను పెట్టె పట్టుకొని బండెక్కగానే ఇద్దరి మనుషులూ ఎదురుగా వచ్చి చాప పరుస్తారు. ఒక్కడూ చెయ్యి చేసుకోడు, గట్టిగా కూడా మాట్లాడడు. కాఫీ పోస్తారు. అది తాగకపోతే అవమానం. తాగుతూ ఉంటే డ్రైవరు డ్యూటీ అయిపోతుంది. కొట్టి ఆపితే తమరికి ఫిర్యాదు సులువుగా రాసేవాడిని, మర్యాద చేసి ఆపేవాడి మీద ఏమని రాయను?

5. ఇక కుటుంబ కలహము. ఇది రాయకుండా ముగిద్దామనుకున్నాను గాని, రాయకపోతే తమరికి తొందర ఎందుకో తెలియదు. నా భార్య శాంతవ్వ అలిగి తల్లిగారింటికి పోయింది. మొదటిసారి నేను ఇటు వస్తానన్నప్పుడు ఒక్కసారికే అన్నాను. తర్వాత లీవులో పోయి, ఇదే చివరిసారి అని చెప్పి మళ్ళీ వచ్చాను. మా ఊరివాడు లచ్చన్న మొన్న ఇంటి నుంచి వస్తూ కబురు మోసుకొచ్చాడు.

"అన్నా, ఉగాది లోపట నువ్వు కులపోళ్ళ పంచాయితీల కూసోకపోతే ఇగ తెంపుకునుడే అంటున్నరు. వదినె ఒక్కటే అడుగుతున్నది. మల్ల పోనని నువ్వు చెప్తే ఎవలు నమ్ముతరు? నీకు జామీను ఎవలుంటరు, అని."

"ఎవలు ముందుకు రాలేదారా?"

"మీ అన్న తల దించుకున్నడు. ఇగ ఎవలస్తరు?"

తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నా ఒక్క ఇంటికి జామీను దొరకని నేను ఇక్కడ రెండు పక్షాలకు జామీనుగా ఉన్నాను. శాంతవ్వ లేని ఇల్లు నాకు వద్దు. ఈ మాట ఆమెకు ఏనాడూ చెప్పలేదు, ముక్కూ మొహం తెలియని తమరికి రాస్తున్నాను. ఈ సంగతి ఖల్ఫాన్‌కు గాని, ముహన్నాకు గాని చెప్పలేదు. సిగ్గయింది.

కావున తమరు దయతలచి, సదరు ఇస్తారి హింద్ సర్కారు ప్రతినిధి కాడనియు, సదరు సాహెబుకు వారసుడు అంతకన్నా కాడనియు, అతనిని వదలవలసిందనియు అరబ్బీలో ఒక ఉత్తరువు పంపవలెను. ముద్ర కొంచెం పెద్దదిగా వేయించండి, ఇక్కడ ముద్రకే విలువ. అలసిన ప్రాణి మొర ఇది. చిత్తగించి, ఉగాది కంటె ముందే ఏదో ఒక దారి చూపవలెను.

తమ విధేయుడు,
ఇరుపక్షాల జామీనుదారుడు,
ఇస్తారి, గోడమేస్త్రి.

తా.క. అయ్యా, కవరు అంటించక ముందే సంగతి మారింది. పై ఉత్తరువు అక్కర్లేదు. కాయితం మళ్ళీ రాసే ఓపిక లేక కిందనే రాస్తున్నాను.

ఇందాక తూము తగవుతో ఖల్ఫాన్ ఒక వైపు నుంచి, ముహన్నా ఒక వైపు నుంచి వచ్చారు. నా చేతిలో ఇంత పొడుగు కాయితం చూసి, మా మీద ఫిర్యాదా, చదవాల్సిందే అని ఇద్దరూ పట్టుబట్టారు. ఇనాయత్ అరబ్బీ చేస్తూ చదివాడు. హల్వా దగ్గర ముహన్నా నవ్వాడు. అయిదో అంశం దగ్గరికి వచ్చేసరికి ఖల్ఫాన్ చెయ్యెత్తి ఆపమన్నాడు.

"నీ ఇంట్ల సంధి లేదా?"

లేదన్నాను.

"ఇంట్ల సంధి లేనోన్ని తీసుకపోయి మేం నడుమ కూసోబెట్టుకున్నమా!" అని ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు. ముహన్నా కూడా లేచి, ఇంత ముఖ్యమైన మాట దాస్తావా, నువ్వేం మనిషివి అని మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. తిడుతూ తిడుతూ ఖల్ఫాన్ పక్కకు తిరిగి, "చూసినవా వీన్ని?" అన్నాడు. "చూసిన" అని ముహన్నా అన్నాడు. ఇన్నాళ్ళలో వాళ్ళు నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడడం ఇదే మొదలు. నేను కల్పించుకోబోతే ఇనాయత్ నా మోకాలు గిచ్చాడు. "చుప్ కూసో భాయ్, వాళ్ళు మాట్లాడుకుంటున్నరు."

నన్ను జామీను నుంచి తీసేశారు. తూము ఎవరు బాగు చేయాలో, మేక సంగతేమిటో వాళ్ళే తేల్చుకున్నారు, కాఫీ కూడా ఒకరికొకరు పోసుకున్నారు. నాకు పోయలేదు. నాకు కోపం రాలేదు గాని, కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

లేచేటప్పుడు ఖల్ఫాన్ నా దగ్గరికి వచ్చాడు. "నీ ఇంటిదానికి చెప్పు. బహ్లా దగ్గర ఖల్ఫాన్ అనే ముసలోడు నీకు జామీను ఉన్నడు. నువ్వు మల్ల ఈ దేశంల కాలు పెడితే ఊరందరి ముందట నా మొహం నల్లబడ్తది" అన్నాడు. తర్వాత నన్ను పరకాయించి చూసి, "రేపు ఇంట్ల కష్టమొస్తే మల్ల వస్తవా?" అని అడిగాడు.

రానని చెప్పాను. ఆయన నమ్మాడు. రేపు పొద్దున ఇనాయత్ నన్ను మస్కట్ చేరుస్తాడు, ఈ అర్జీ కూడా తనే తమరికి అందజేస్తాడు.

అయ్యా, తమరికి మాత్రం అబద్ధం రాయను. వానలు లేక బావి ఎండితే నేను మళ్ళీ వస్తానేమోనని నాకే భయంగా ఉన్నది. కావున నా మనవి ఇప్పుడు ఒక్కటే. కరీంనగరం జిల్లా ఇస్తారి అనేవాడు ఒమాన్ పోవడానికి సాయం చేయమని ఎప్పుడైనా తమరికి రాసుకుంటే తిరస్కరించవలెను. కరువనీ, పిల్లలనీ రాస్తాడు, తమరి కాళ్ళు పట్టుకున్నట్టు రాస్తాడు. వాడికి అర్జీ రాయడం బాగా వచ్చు. నమ్మవద్దు.

ఇస్తారి