కొట్టేసిన వాక్యం

జనవరి 5, 2004. సోమవారం.
ల్యాబ్ తెరిచారు. పది రోజుల తర్వాత మనుషుల గొంతులు. ఈ పది రోజుల్లో నేను మాట్లాడినవి — బస్సు డ్రైవర్‌కి థాంక్స్, షాపులో "బ్యాగ్ వద్దు", ఆదివారం ఫోన్‌లో నాన్నతో కార్డు అయిపోయేదాకా.
సెలవులకి ముందు కడగడం మరచిన బీకరు ఓవెన్ పక్కనే ఉంది. చింతగింజల పిండి ఉడికించిన జావ. హీటింగ్ ఆపేసినన్నాళ్లూ గడ్డకట్టుకుని ఉన్నట్టుంది. శనివారం మళ్లీ వేశారట — ఈ రెండు రోజుల వెచ్చదనానికే పొంగి, బుడగలు.
టెక్నీషియన్ జిమ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. "హెన్, అందులో ఏదో చచ్చింది. బయట పారెయ్." ఆడపిల్లని ఇక్కడ అలాగే పిలుస్తారు. మొదట్లో కోపం వచ్చేది.
వంగి వాసన చూశాను. దోసెల పిండి. అచ్చం అమ్మ కుంపటి పక్కన పెట్టే గిన్నె.
పారెయ్యలేకపోయాను.

జనవరి 6
మా గైడు మార్గరెట్ నన్ను పీహెచ్‌డీకి తీసుకుందే ఈ గింజల కోసం. రెడీమేడ్ సాసుల్ని చిక్కపరచడానికి ఒక పొడి, చెక్కపొట్టు బోర్డుల్ని అతికే రెజిన్‌లో కలపడానికి ఇంకో పొడి — రెండూ ఒకే గింజ నుంచి తీయాలి. సాసుకి ఈ పులిసిన జావ పనికిరాదు. జిమ్ ముక్కే సాక్షి. రెజిన్‌లో కలిపి ఒక బోర్డు నొక్కి చూస్తే?
కొండపల్లిలో నాన్న బొమ్మల చేతులూ కాళ్లూ అతికేది కూడా చింతగింజల జిగురుతోనే. అందులో రంపంపొట్టు కలిపితే మక్కు. మక్కు... ఈ మాట నోట్లో ఎంత మెత్తగా ఉంటుంది. పైకి రెండుసార్లు అన్నాను. వినేవాళ్లు లేరు కాబట్టి మూడోసారి కూడా.

జనవరి 16
బోర్డు ఒక రోజంతా నీళ్లలో నాని కూడా ఉబ్బలేదు. మామూలు జావతో చేసింది రొట్టెలా ఉబ్బింది. మళ్లీ చేయాలి. నమ్మను. మళ్లీ.

ఫిబ్రవరి 1. ఆదివారం.
నాన్నకి చెప్పాను. "పులిసిందా? వానాకాలం పులిత్తే పారబోత్తామమ్మా. ఈగలు."
"ఎప్పుడూ ఎవరూ వాడి చూళ్లేదా నాన్నా?"
"పులిసినదాంతో ఎవడు చేత్తాడే బొమ్మ! అంత దూరం పోయి నేర్చుకుంది ఇదా?" నవ్వు. వెనక ఉలి చప్పుడు. మాట్లాడుతూనే చెక్కుతున్నాడు. కార్డు అయిపోయింది.

ఫిబ్రవరి 15
సరోజ ఆంటీ ఫోన్. వచ్చేటప్పుడు విమానంలో పక్క సీటు. ఆ పుణ్యానికి ఇప్పటికీ వదలదు. లీసెస్టర్ తెలుగువాళ్ల ఉగాది సంచిక పని ఈసారి ఆవిడదేనట. "అన్నీ రెసిపీలే వచ్చాయే. పులిహోర ఒక్కటే నాలుగు వెర్షన్లు. నువ్వేదైనా రాయి, తిండి కాకుండా."
మక్కు గురించి రాస్తాను. నాన్న మక్కు, నా మక్కు.

ఫిబ్రవరి 22
నాలుగు పేజీలు. బంక, జిగురు, అంటు, పట్టు... ఇన్ని మాటలు నాలోనే ఉన్నాయా? గింజల్ని వేయించడం, పొట్టు తీయడం, విసరడం, ఉడికించడం, ఓవెన్ పక్కన రెండు రోజులు పులియనివ్వడం, రెజిన్‌లో కలపడం — చదివినవాళ్లకి వాసన రావాలని అన్నీ రాశాను.
ఒక వాక్యం కొట్టేశాను. "పులిసిన జావను మళ్లీ వేడి చేసి, ఆ వేడి తగ్గకముందే రెజిన్‌లో పోయాలి." నిజమే, చల్లారితే ఉండలు కడుతుంది. మూడు బోర్డులు అలాగే పాడయ్యాయి. కానీ ఒక్క వాక్యంలో రెండు వేడులు, చెవికి అడ్డం పడుతున్నాయి. తీసేశాక పేరా సాఫీగా నడిచింది.
మొదటిసారి — తీసేయడంలో కూడా సంతోషం ఉంటుందని తెలిసింది.

మార్చి 21
ఉగాది. వాన. వేపపువ్వు దొరకలేదు. చేదుకి మార్మలేడ్‌లోని నారింజ తొక్క. ఒక్కదాన్నే తిన్నాను. బాగానే ఉంది.

ఏప్రిల్ 2
సంచిక వచ్చింది! చీరల షాపు ప్రకటనకీ మూడో పులిహోరకీ మధ్య నా వ్యాసం. అచ్చులో నా పేరు. మా బిల్డింగ్ మెట్ల మీదే కూర్చుని చదివాను. పై ఫ్లోర్ ముసలాయన దాటుకుంటూ వెళ్లాడు.
జిమ్‌కి చూపించాను. "నీ పేరెక్కడ?" వేలు పెట్టాను. "ఎవరో టీ కప్పులు వరసగా బోర్లించినట్టుంది, హెన్." ఇంకేం అడగలేదు. అడగడానికి ఏముంది.

ఏప్రిల్ 4
ఆంటీకి ఫోన్. "ఎవరైనా చదివారా ఆంటీ?"
"ఉగాది ఫంక్షన్‌లో కుర్చీకొకటి పెట్టామే. సగం మంది భోజనం ప్లేట్ల కిందేసుకున్నారు. మా అబ్బాయి నీ ఫోటో చూసి 'హూ ఈజ్ షీ' అన్నాడు. చాలదూ?"
చాలదు ఆంటీ. పైకి అనలేదు.

ఏప్రిల్ 14
మార్గరెట్ గదికి పిలిచింది. గోడ మీద ఆవిడ పేటెంట్ మొదటి పేజీ, ఫ్రేము కట్టి — గడ్డలు కట్టని గ్రేవీ పొడి. ముప్పై ఏళ్ల కిందటిది. దాని పక్క గోడ ఖాళీ.
"పులిసిన జావతో నొక్కిన పదకొండు బోర్డులు నీళ్లలో పెట్టావు. పదకొండూ నిలిచాయి. దీన్ని పేటెంటుకి ఫైల్ చేద్దాం. ఆవిష్కర్తగా నీ పేరు ముందు, నాది తర్వాత." సెప్టెంబరులో ఆవిడ రిటైర్ అవుతోంది. అప్పుడు చెప్పింది ఆ సంగతి కూడా, కిటికీ వైపు చూస్తూ.
"బయట ఎక్కడా చెప్పలేదు కదా? పోస్టరు, కాన్ఫరెన్సు?"
"లేదు."
నిజమే చెప్తున్నాననుకున్నాను.

ఏప్రిల్ 20
ఉత్తరం! బర్మింగ్‌హామ్ నుంచి. రిటైరైన డాక్టరు, శేషగిరి గారు. ఆంటీ దగ్గర నా అడ్రసు తీసుకున్నారట. ముత్యాల్లాంటి పాత రాత.
"మీ వ్యాసం రెండుసార్లు చదివాను. మక్కు అన్న మాట విని యాభై ఏళ్లయింది. మా పిల్లలకి తెలుగు వినిపిస్తుంది గానీ కనిపించదు. మా ఆవిడ పోయాక ఇంట్లో గట్టిగా చదివి వినిపించడానికి ఎవరూ లేక, షెడ్డులో నాకు నేనే చదువుకున్నాను. అక్కడే చెక్కపని చేసుకుంటుంటాను. మీ పద్ధతి చేసి చూడాలని ఉంది. అంతా రాశారు గానీ ఒక్క సంగతి లేదు — పులిసినదాన్ని వేడిగా కలపాలా, చల్లగానా?"
నాకు ఒక పాఠకుడు. ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా పెట్టుకున్నాను.

ఏప్రిల్ 26
అటార్నీ డ్రాఫ్టు వచ్చింది. సదరు జావ, సదరు రెజిన్, సదరు బోర్డు... ప్రతిసారీ సదరు అంటూ బంట్రోతులా పిలుస్తాడు. నవ్వుకుంటూ చదివాను. చివర సూచనల కాగితం. ఫైల్ చేసేలోగా ఆవిష్కరణ ఏ భాషలోనైనా, ప్రపంచంలో ఎక్కడైనా, జనానికి అందేలా బయటపడితే అది ఇక కొత్తది కాదు, పేటెంటు రాదు. ఒక్కరు చదివినా చాలు. ఎవరూ చదవకపోయినా, చదవగలిగే చోట ఉంటే చాలు.
ఏ భాషలోనైనా.
టీ చల్లారిపోయింది.

ఏప్రిల్ 27
ఆంటీకి ఫోన్. అంతా చెప్పాను.
"పిచ్చిదానా, ఈ దేశంలో తెలుగు సంచిక తెరిచి ఎవరు వెతుకుతారే? నోరు మూసుకుని సంతకం పెట్టు. కావాలంటే నా గరాజ్‌లో మిగిలినవి రీసైక్లింగ్‌లో వేసేస్తా."
"పంచేసినవి?"
"వాటి మీద పప్పు పడిపోయింది, వదిలెయ్."
"ఒకాయన చదివారు ఆంటీ."
"నువ్వు రాసింది బాగుంది. నేనూ చదివాను. చెప్పడం మర్చిపోయా."
ఇద్దరు.

ఏప్రిల్ 28
సంతకం రేపు పదింటికి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకపోవడమే కదా ఇన్నాళ్లూ నా బాధ.

ఏప్రిల్ 29
చెప్పేశాను. సంచికా ఉత్తరమూ బల్ల మీద పెట్టాను. మార్గరెట్ సంచికను తిప్పి చూసింది. అట్ట మీద పసుపు మరక.
"ఎప్పుడు రాశావు?"
"ఫిబ్రవరిలో. అప్పటికి మీరు పేటెంటు మాట అనలేదు."
"అనలేదు. అనాల్సింది." గ్రేవీ ఫ్రేము వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంగ్లీషులో రాసివ్వు. ఒక్క వాక్యం వదలకుండా."
సాయంత్రం దాకా పట్టింది. ఇంగ్లీషులోకి వెళ్లాక నాన్న నాన్నలా లేడు, పద్ధతి మాత్రం చెక్కు చెదరలేదు. బయటపడ్డ ప్రతి సంగతి కిందా మార్గరెట్ పెన్సిలుతో గీత పెట్టింది. వేయించడం, పోయింది. పులియనివ్వడం, పోయింది. రెండు రోజులు, పోయింది.
చివరికి తలెత్తి, "రాయనిది ఏమైనా ఉందా?"

ఏప్రిల్ 30
ఉంది. రఫ్ కాగితాలు రాత్రే సంచిలో పెట్టుకున్నా. పొద్దున్నే చూపించాను. కొట్టేసిన గీత కింద ఆ వాక్యం ఇంకా కనిపిస్తోంది. మళ్లీ వేడి చేసి, ఆ వేడి తగ్గకముందే.
"ఇది లేకుండా బోర్డు రాదా?"
"మూడు పాడయ్యాయి. నోట్‌బుక్‌లో ఉంది."
"మరి ఎందుకు కొట్టేశావు?"
"చదవడానికి బాగా లేదని."
ఎన్నాళ్ల తర్వాతో ఆవిడ నవ్వడం చూశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆగాక, "సంతోషపడకు. ఈ ఒక్కదాని మీద పేటెంటు నిలబడుతుందో లేదో అటార్నీ చెప్పాలి. కొన్ని వారాలు పట్టవచ్చు. అప్పటిదాకా ఈ వాక్యం నీదీ నాదీ. ఇంకెవరికీ చెప్పకూడదు. నీ భాషలో కూడా."
సరే అన్నాను. మాటిచ్చాను.

మే 7
బర్మింగ్‌హామ్ నుంచి ఇంకో ఉత్తరం. చిన్నది.
"జవాబు కోసం చూశాను. మీ చదువుల తొందర నాకు తెలుసు. నేనే మొదలుపెట్టాను. గింజలు ఇండియన్ షాపతన్ని అడిగి తెప్పించుకున్నాను. బాయిలర్ పక్కన రెండు రోజుల్లో పులిసింది. మా కోడలు వాసనకి షెడ్డు వైపు రావడం మానేసింది. కానీ రెజిన్‌లో పోయగానే ఉండలు కడుతోంది. మూడుసార్లు పాడయింది. నా చేతుల వణుకు వల్లనా, చల్లగా కలపడం వల్లనా? తొందరేం లేదు. ఉందనుకోండి, డెబ్బై తొమ్మిది నాకు."
మూడుసార్లు. నాలాగే.

మే 10. సోమవారం.
అటార్నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. మార్గరెట్ గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లోకి వెళ్తున్నాయి. ఫ్రేము ఇంకా గోడ మీదే. పక్కన ఖాళీ.
మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఉత్తరం మొదలుపెట్టాను.
"డాక్టరు గారికి నమస్కారాలు. మీ రెండు ఉత్తరాలూ అందాయి. మీ చేతుల వణుకు వల్ల కాదు."
అక్కడ ఆగాను. ఇదైనా రాయొచ్చా? కాదు అంటే అవును అన్నట్టే కదా రెండో దానికి. కొట్టేశాను. మళ్లీ రాశాను. చేతుల వల్లేనేమో అని ఆయన అనుకుంటూ ఉండటం... చూడలేను.
తర్వాతి వాక్యం కంఠతా వచ్చు. రెండు వేడులూ ఇప్పుడు చెవికి బాగానే ఉన్నాయి.
వాన గురించి ఒక వాక్యం రాశాను. కొట్టేశాను.
కింద పోస్టు డబ్బా ఐదున్నరకి తీస్తారు. ఇప్పుడు నాలుగూ పది.