గీత కొట్టిన అంకెలు

అక్కయ్యకు నమస్కారాలు. నేను కులాసా, దగ్గు తగ్గింది.

ఫిజిక్స్ డిగ్రీకి ఆనర్స్ రావాలంటే మార్కులొక్కటే చాలవు, సొంతంగా ఒక ప్రయోగం చేసి, రోజువారీ నోటుపుస్తకం పరీక్షకుల ముందు పెట్టి జవాబు చెప్పాలని రాశాను కదా. అది నిన్న జరిగింది. తీగ వేడికి ఎంత సాగుతుందో కొలవడం నా ప్రయోగం. పుస్తకంలో పేజీకి నాలుగు కొట్టివేతలు. నాతో చదివే, నా వయసులో సగం కూడా లేని అమ్మాయి చూసి, "బాబాయ్, కోడి కెలికినట్టుంది! శుభ్రంగా ఎత్తి రాసెయ్యండి" అంది. కొత్త పుస్తకం కొన్నాను గాని మనసొప్పలేదు.

పెద్ద పరీక్షకుడు పేజీలు తిప్పి, "తప్పులన్నీ ఇలా బయటపెట్టుకున్నారేమండీ?" అన్నాడు.

"తప్పును చెరపకూడదండీ. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాయాలి. చిన్నప్పుడు పద్దులు రాయడం నేర్పుతూ మా అక్క చెప్పింది" అన్నాను.

ఆయన నవ్వి పక్కాయనతో, "మనం మూడేళ్లు మొత్తుకున్నా పిల్లల తలకెక్కనిది, ఈయనకు వాళ్లక్క ఎప్పుడో ఎక్కించేసింది" అన్నాడు. ఆనర్స్ ఇచ్చారు.

పట్టాలో పేరు రాయడానికి నా బడి సర్టిఫికెట్టు కావాలట. ట్రంకుపెట్టె అడుగున ఉంటుంది, రిజిస్టరు పోస్టులో పంపు. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? వంటింటి కప్పు కారడం ఆగిందా? పిల్లలకు ఆశీస్సులు.

పట్టా ఇచ్చేది వచ్చే నెల పదో తారీఖున. దాని పక్కన "వీలుంటే రా" అని రాసి, ఒక్క గీత కొట్టాను, చూడు. సరైనది ఇది: తప్పకుండా రా.

నీ తమ్ముడు