పాటలో ఆగే చోటు

మార్చి 3
పాటల కంపెనీవాళ్లు మా ఆయనకు డైరీ పంపారు. ఆయన డైరీలు రాయరు, ఏం తోచినా చీటీ మీద రాసి గోడకు అంటిస్తారు. అందుకని ఇది నాకొచ్చింది. ఆరో తరగతి మధ్యలో బడి మానేశాను. ఎవరూ చూడరు కాబట్టి ఎన్ని తప్పులైనా రాసుకోవచ్చు.

ఆయన పాటలు కడతారు. మొదటి ఆల్బమ్ ఊరంతా పాడుకున్నారు. తర్వాతి రెండూ ఎవరికీ పట్టలేదు. ఈ నెలాఖరుకు ఇచ్చే పాట నిలబడకపోతే ఇక మీకూ మాకూ సెలవు అని మేనేజర్ రాశాడు. ఆయన నాతో చెప్పలేదు. ఇస్త్రీ చేయబోతుంటే చొక్కా జేబులో ఉత్తరం దొరికింది. చదివి, మళ్లీ అలాగే మడిచి పెట్టేశాను.

మార్చి 5
మా పక్క గదే స్టూడియో. గోడలకు పాత పరుపులు కొట్టించారు. పొద్దున సముద్రం అవతలివాళ్ల డప్పులు. మధ్యాహ్నం ఎడారివాళ్ల తీగల వాయిద్యం. రెండూ కలిపితే పోట్లాడుకుంటున్నాయని తీసేశారు, మళ్లీ పెట్టారు.

ఇన్ని దేశాలవి ఎందుకని ధైర్యం చేసి అడిగాను. చిన్నప్పుడు ఆయన పని రేడియో ముల్లు తిప్పడమేనట. వాళ్లమ్మ వంటగదిలో ఎక్కడెక్కడి స్టేషన్లో వచ్చేవట. నాకంటూ ఒక్క పాట లేదు, అందరివీ విని పెరిగాను అన్నారు.

మార్చి 8
ఘోరం జరిగింది.

చొక్కాలు ఇస్త్రీ చేస్తూ అమ్మ పాట పాడుకుంటున్నాను. ఆయన తలుపు వెనక నిలబడి ఫోన్‌లో రికార్డ్ చేశారు. తర్వాత స్టూడియోలోకి పిలిచి స్పీకర్లలో వినిపించారు. అంత పెద్దగా నా గొంతు! చేతుల్లో ముఖం దాచుకున్నాను. ఎవరి పాట అని అడిగారు. మా వైపు అందరూ పాడతారు అనేశాను.

అబద్ధం. అది అమ్మ సొంతంగా కట్టిన పాట. అమ్మ నడిపే లాండ్రీ షాపు గోడలు, నేను తప్ప ఎవరూ వినలేదు.

నలగని చొక్కా తొడిగి పోయినవాడా
ఏ దండెం మీద ఆరుతున్నావు

నాకు నాలుగేళ్లప్పుడు నాన్న అమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అందరికీ గుండెపోటుతో పోయాడనే చెప్పాం, నా పెళ్లి మాటలప్పుడు కూడా. పాట ఎవరిదో చెబితే అదీ చెప్పాలి. నోరు రాలేదు.

మార్చి 9
రెండేళ్ల తర్వాత ఆయన ఈల వేస్తూ స్నానం చేశారు.

మార్చి 12
పాటలో పోయినవాడా అన్న తర్వాత నేను ఆగుతాను. సరిగ్గా నాలుగు లెక్కపెట్టేంతసేపు. అమ్మ అక్కడ ఆగేది, నేనూ ఆగుతాను. ఇస్త్రీ పెట్టెను చొక్కా ఒక చేతి మీంచి రెండో చేతి మీదికి మార్చడానికి ఆగేదనుకుంటాను.

ఆయనకు అది గుంటలా కనిపిస్తోంది. రోజుకో దేశాన్ని తెచ్చి అందులో పోస్తున్నారు. మొన్న ట్రంపెట్. నిన్న చప్పట్లు. ఇవాళ ఏ కొండలవాళ్లో ఆడవాళ్ల కోరస్. సౌండ్ ఇంజనీర్ నన్ను వదినా అంటాడు. వదినా, మీ ఆయన రేపు కప్పల్ని పట్టుకొస్తాడు చూడు అన్నాడు. నవ్వొచ్చింది.

మార్చి 13
కప్పలూ వచ్చాయి. రికార్డు చేసినవి.

మార్చి 17
మేనేజర్ వచ్చి విన్నాడు. కుర్చీ చేతి మీద తాళం వేశాడు. నా గొంతే ఉంచాలట, చదువుకున్న గొంతు కాదు కాబట్టి బాగుందట. చివరికి ఆ గుంటలో ట్రంపెట్ ఖాయం చేశారు. ఖాళీగా వదిలేస్తే రేడియో చెడిపోయిందనుకుని జనం దాని నెత్తిన కొడతారు అన్నాడు మేనేజర్. రాసినవారు అన్నచోట జానపదం అని పెట్టారు.

ఆయన నా వైపు చూసి నవ్వారు. నేను టీ గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వచ్చేశాను.

మార్చి 19, పగలు పదకొండు
లాండ్రీకి వెళ్లి ఫోన్‌లో అమ్మకు వినిపించాను. చెంప మీద ఒకటి పడుతుందనే అనుకున్నాను. అమ్మ పెట్టె నిలబెట్టి చివరిదాకా వింది. అదేంటే, నేను ఆగే చోట ఎవడో బాకా ఊదుతున్నాడు, రైలు పోతుందా వాడికి అంది. ఎవరి పాటని చెప్పావు అంది. చెప్పాను.

ఆవిరిలో అమ్మ ముఖం సరిగా కనబడలేదు. వెళ్లి మీ ఆయనకి నిజం చెప్పెయ్యి, పద్దెనిమిదేళ్లుగా మనిషిని చంపి చంపి నాకు చెయ్యి నొప్పెడుతోంది అంది.

మార్చి 20
చెప్పేశాను. తల ఎత్తకుండా మొత్తం చెప్పాను. అంటే మీ అమ్మా నువ్వూ కలిసి నన్ను బాగానే ఆడించారన్నమాట అని, స్టూడియో తలుపు వేసుకున్నారు.

మార్చి 21
మాట్లాడలేదు.

మార్చి 22
చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించాను. నలిగినదే వేసుకుని వెళ్లారు.

మార్చి 24
ఆయన లాండ్రీకి వెళ్లారట! మైకు, ఇంజనీర్‌తో సహా. ఇంజనీరే వచ్చి చెప్పాడు.

అత్తయ్యా, ట్రంపెట్ తీసేస్తాను, ఆ చోట మీరు పెట్టె ఎత్తే చప్పుడు కావాలి అని అడిగారట ఆయన. అమ్మకు అర్థం కాలేదట. పెట్టెకీ పాటకీ ఏం సంబంధం బాబూ, ఈ దిక్కుమాలిన పెట్టెను ఎక్కడైనా ఎత్తొచ్చు అందట. మరి ఎందుకు ఆగుతారు అంటే, ఒకణ్ణి పిలిచాం కదా, ఏమంటాడో వినొద్దూ అందట.

ఆ మాటకు తనే మైకు ఆపేశానన్నాడు ఇంజనీర్.

పాట మీద ఏం పేరు వెయ్యమంటారని ఆయన అడిగితే, నా పేరెందుకు, షాపు పేరు వేసుకో, నాలుగు చొక్కాలన్నా ఎక్కువొస్తాయి అందట.

పుట్టినప్పట్నుంచీ విన్న పాట. నేనూ ఇస్త్రీ పెట్టె కోసమే అనుకున్నాను. ఒక్కసారి అడగలేదు.

మార్చి 26
గుంటలోంచి అన్నీ తీసేశారు. మేనేజర్ ఫోన్‌లో అరిచిన అరుపులు వంటగదిలోకి వినిపించాయి. ఉంటే ఇలాగే ఉంటుంది, లేకపోతే లేదు అన్నారు ఆయన. అంటూ హెడ్‌ఫోన్ వైరును వేలికి చుట్టి చుట్టి వేలు నల్లబడేలా చేసుకున్నారు.

తర్వాత నన్ను పిలిచి మళ్లీ పాడించారు. ఆ చోట ఊపిరి కూడా పీల్చకు అన్నారు. ఆరు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. ఇంకా నా కళ్లలోకి చూడరు.

మిగతా పాటంతా డప్పులూ తీగలూ అలాగే ఉన్నాయి. ఆ చోటికి వచ్చేసరికి అందరూ ఆగిపోతారు. వాళ్లది ఏ దేశమో, మా నాన్న ఎవరో వాళ్లకేం తెలుసు. మా నాన్న కోసం ఆగుతున్నారు.

ఏప్రిల్ 20
ఎక్కడ చూసినా అదే పాట, రాసినవారు అన్నచోట అమ్మ షాపు పేరుతో. మంగలి షాపులో, బస్సులో. మేనేజర్ ఇప్పుడు ఆ ఖాళీ తన ఐడియానే అంటున్నాడట. నిన్న బస్సులో ఆ చోటు రాగానే కాలేజీ పిల్లలంతా ఆ పోయినవాడికి బదులుగా వస్తున్నా అని అరిచారు. ఇంకొకడు, వాడింకా టికెట్ తీసుకోలేదు ఆగండి అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి కిటికీ వైపు తిరిగాను.

అమ్మకు చెప్తే, ఊరు ఊరంతా జవాబిస్తోంది కదే, వాడొక్కడే మూగవాడు అంది.

ఆయన ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కాలర్ సరిచేయమని నా ముందు నిలబడ్డారు.

మే 2
నేను లాండ్రీలో ఉండగా షాపు ఫోన్ మోగింది. అమ్మ రెండుసార్లు హలో అంది. అవతల ఎవరూ మాట్లాడినట్టు లేదు. అమ్మ పెట్టేయలేదు. నిలబడే ఉంది. తర్వాత, ఎనిమిదింటికి మూసేస్తాం, బట్టలుంటే ఈలోపు తెచ్చుకోండి అని పెట్టేసింది.

ఎవరమ్మా అన్నాను. రాంగ్ నంబర్ అని ఇంకో చొక్కా తీసుకుంది. అప్పటికే ఇస్త్రీ చేసిన చొక్కా అది.

మే 3
అమ్మ ఇవాళ పాట పాడింది. మధ్యలో ఆగలేదు.