ముంచని సూది

నంద్యాల,
బుధవారం.

అమ్మకు నతానియేలు వందనాలు. ఈడ నేను బాగానే ఉండా. ఆడ మీరంతా బాగుండారని తలుస్తాండానని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

చెల్లెలు దీవెనతో రాయించిన జాబు అందింది. ఫోన్లో అయితే నాయన స్పీకర్ పెడతాడు, అందుకే నేనూ కాగితం పట్టినా. నాయన దగ్గితే తువాలు ఎర్రగా అయితాందని, ఎవరికీ చెప్పొద్దన్నాడని రాసినావు. "నీ గాజు బిళ్ళ టీబీ లేదనింది కదా, మరి ఇదేందీ?" అని అడిగినావు. యేసురత్నం మామను మట్టి చేసిన పొద్దు నేనెందుకు రాలేదనీ అడిగినావు. రెండిటికీ జవాబు ఒకటే.

ముందు నా పని చెప్పాల. వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలికంత ఉంటాది, ల్యాబులో మేము గాజు బిళ్ళ మీద అచ్చువేసే చుక్క. సిరా అంటామే గానీ అది రంగు కాదు, నెత్తురులో జబ్బును పట్టే మందు. సూది మొనను అందులో ముంచి బిళ్ళకు తాకిస్తాం. కొన్ని వేల చుక్కలకు మొన మీద సిరా అయిపోతాది, మళ్ళీ ముంచాల. ముంచకపోయినా సూది తాకుతానే ఉంటాది, మిషను తిరుగుతానే ఉంటాది. బిళ్ళ మీద మాత్రం ఏమీ పడదు. రాళ్ళు చెక్కే షెడ్డులో నాయన పూటకు నాలుగుసార్లు లేచి ఉలికి పదును పెట్టుకుంటాడే, ఇదీ అంతే.

ఐదు నెలల కిందట ల్యాబు పెద్ద హయగ్రీవ సార్‌తో కొట్లాడినా. మొదటి బిళ్ళలు హైదరాబాదులో కార్పొరేట్ ఆస్పత్రికి పోతాయన్నాడు. రాతిదుమ్ము మింగేటోళ్ళకు కాకుండా దుడ్లున్నోళ్ళకా అని అడిగినా.

"సూది ముంచినావా లేదా, అది చెప్పప్పా. కరపత్రాలు తర్వాత చదువుదువు" అన్నాడు.

ఒళ్ళు మండింది. ఆయన చెప్తే ముంచేదేంది, మొన మీద సిరా ఉంటాదిలే అని ముంచకుండానే సాయంత్రం దాకా అచ్చువేసినా. సార్ ఆ బిళ్ళలు పారెయ్యమన్నాడు. నా మీద కసి అనుకున్నా. శాస్త్రం జనానిదని చదివినోణ్ణి కదా, సంచిలో వేసుకొని మన ఆళ్ళగడ్డకు తెచ్చినా. నాయనకు, మామకు, షెడ్డులో ఇంకో పదిమందికి వేలు గుచ్చి చూసినా. ఎవరికీ ఏమీ లేదని నేనే చెప్పినా.

ఆ ఆదివారం చర్చిలో నాయన సాక్ష్యానికి నిలబడి, "నా కొడుకు బిళ్ళ నా రొమ్ము శుభ్రమనింది" అన్నాడు. దగ్గు తగ్గక మరుసటి పొద్దు ఆస్పత్రికి పోవాలనుకున్న యేసురత్నం మామ ఆ సాక్ష్యం విని ఆగిపోయినాడు.

మామ పోయినాడని తెలిసిన పొద్దే నాకు అనుమానం తగిలింది, అందుకే మట్టికి రాలేకపోయినా. నీ జాబు చదివినాక, సంచిలో మిగిలిన బిళ్ళను ల్యాబులో ఆ చుక్కలు కనపడే పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టినా. ఒక్క చుక్కా లేదు, ఉత్త గాజు.

నేనే రావాల్సింది. ఆళ్ళగడ్డ బస్సు రెండుసార్లు ఎక్కి దిగినా. మన వీధి అజయ్ కుమార్ వస్తాంటే వాని చేత ఈ కాగితం పంపుతాండా. రేపు పొద్దున్నే నాయనను నంద్యాల గవర్నమెంటు ఆస్పత్రికి తోలుకొని రా, గేటు కాడ ఉంటా. నువ్వూ దీవెనా కూడా చూపించుకోవాల. షెడ్డులో ఆ పదిమందికీ కబురు పెట్టు. "నా కొడుకు చెప్పినాడు, నాకేం లేదు" అంటాడు నాయన. అప్పుడు ఈ కాగితం ఆయన చేతికియ్యి.

వచ్చే ఆదివారం సాక్ష్యానికి నేను నిలబడతా. మామ భార్య ప్రేమకుమారత్తను ముందు బెంచీలో కూర్చోబెట్టు. ఆమె మొగం చూసే చెప్పాల.

ఇట్లు,
యేసురత్నం మామకు ఏమీ లేదని చెప్పిన నీ కొడుకు,
నతానియేలు.