గుమ్మం ఎటువైపు

మావయ్యా,

మీరిచ్చిన గుడారం బాగానే నిలబడింది. మేకులు వాలుగా దిగ్గొట్టాం. చుట్టూ చిన్న కాలవ తవ్వాం కాబట్టి మొన్నటి వాన లోపలికి రాలేదు. స్టవ్ బయటే వెలిగిస్తున్నాం. మీ ఉత్తరంలో చెప్పినవన్నీ చేశాం, ఒక్కటి తప్ప.

గాలి వచ్చే వైపు గుమ్మం పెట్టొద్దన్నారు కదా. తిప్పుదామంటే అమ్మ వినడం లేదు. "నాకు ఇల్లు కనిపించాలి," అంటుంది. "భూకంపానికి అంతా కూలిపోయింది, ఇంకేం ఇల్లమ్మా? మెట్లే కదా మిగిలాయి," అని తమ్ముడు అననే అన్నాడు. ఆ రోజు నాన్న విప్పి లోపలికెళ్లిన చెప్పులు ఆ మెట్ల మీద అలాగే ఉన్నాయి. అమ్మ వాటినే చూస్తూ కూర్చుంటోంది.

గుమ్మం తిప్పకుండా గాలి ఆపే ఉపాయం ఏదైనా ఉంటే రాయండి. తెల్లారేసరికి పైనుంచి చెమ్మ బొట్లు బొట్లుగా మీద పడుతోంది. దానికేం చెయ్యాలో కూడా చెప్పండి.

ఇంకో పెద్ద గుడారం పంపిస్తానన్నారు. వద్దు మావయ్యా. కిందటేడు దీన్ని మీరు తెచ్చిచ్చినప్పుడు, మేం నలుగురం ఇందులో ఎలా పడతామని నాన్న ఒకటే నవ్వారు. ఇప్పుడు సరిపోతోంది.

మీ మేనకోడలు