బూజు సంగతి దాచాను

డిసెంబర్ 3
ఈసారి సైన్స్ ఫెయిర్‌కు వెళ్లను. ఆరేళ్లుగా పెనుబల్లి నుంచి భద్రాచలం వెళ్లి, కోయ పిల్లలు చెప్పేది జడ్జీలకు తెలుగులో చెబుతున్నాను. పోయినసారి స్టేజీ మీద టెంటు వేసినతని పేరు కూడా చదివారు. నా పేరు లేదు. కడుపు మండింది. కాలేజీ ల్యాబ్‌లో గాజు సామాను కడుక్కుంటూ కూర్చుంటా, హాయిగా.

డిసెంబర్ 5
ఫెయిర్ నడిపే రత్నం సార్ ఫోన్. "నువ్వు రాకుంటే పిల్లలు నోరెట్ల తెరుస్తరమ్మా?" ఉబ్బేస్తున్నాడని తెలుసు. అయినా సరే అన్నాను. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి!

డిసెంబర్ 11
తొమ్మిదో తరగతి సమ్మక్క. ఇప్పపూలు ఆరబెట్టే పెట్టె చేసింది — చెక్కపెట్టె, లోపల నల్లరంగు, పైన గాజుపలక. కోయలో గడగడా చెప్పింది. రెండుసార్లు పూలు బూజు పట్టాయంది. పరువు పోతుందని ఆ ముక్క మింగేశాను. పైగా "తేమ శాతం" అంటూ నా చదువు కొంత కలిపాను.

జడ్జి మేడం కళ్లద్దాలు తీసింది. "ఇవి పాప మాటలేనా? పెద్దోళ్లు చేసిన ప్రాజెక్టయితే పోటీల నుంచి తీసేస్తం."

పిల్ల కష్టమంతా నా నాలుక వల్ల పోయేలా ఉంది...

సమ్మక్కకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డానికే జంకు. అదే మరిచాను. "నేను గట్ల చెప్పలే మేడం. రెండుసార్లు బూజు పట్టింది" అంది, తెలుగులోనే. నోట్‌బుక్ తెరిచింది. బూజు పూల బొమ్మలు, మబ్బు పట్టిన రోజులు, తర్వాత పెట్టెకు గాలి కోసం పెట్టిన రంధ్రాలు.

"తప్పు నాది మేడం" అన్నాను.

"ఇది ముందే చెప్పాలె కదా! అసలు పనంతా గిదే" అని జడ్జి మేడం ఇంకో పావుగంట అక్కడే నిలబడింది.

డిసెంబర్ 12
సమ్మక్క పెట్టె రాష్ట్రస్థాయికి ఎంపికైంది. హమ్మయ్య! ఈ పూట అన్నం సయించింది.

నిన్న నా పేరూ పిలిచారు, శాలువా కప్పారు. తప్పు చేసిన రోజే దొరకాలా అది? అయినా సిగ్గులేకుండా సంతోషపడ్డాను.

డిసెంబర్ 15
మళ్లీ రత్నం సార్. రాష్ట్రస్థాయి పోటీకి తోడు ఎవరు రావాలని అడిగితే సమ్మక్క నా పేరే చెప్పిందట. ఫోన్ ఆమెకిచ్చాడు.

"రాండ్రి మేడం. నేను మర్చిపోతే జర ఆగుండ్రి. మీరు చెప్పొద్దు."

"సరే" అన్నాను.

ఆరేళ్లు... ఇంకెంతమంది మాటలు ఇట్లా మార్చానో. వాళ్లెవరూ నన్ను ఆపలేదు.